జాడీ మెరుపు మన కుండకు వస్తుందా?
పీఎం విశ్వకర్మ లబ్ధిదారులైన కుమ్మరుల కోసం: గ్లేజ్ ఎంచుకోవడం, వాడటం

విశ్వకర్మ పథకంలో చేరినవాళ్ళు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటే. "సార్, గ్లేజ్ వేస్తే బెంగళూరులో మంచి రేటు వస్తుందంట కదా, ఏ గ్లేజ్ కొనాలి?" దానికి జవాబు ఫోన్లో రెండు మాటల్లో చెప్పలేక ఈ పీడీఎఫ్ రాస్తున్నాను. నేను చదివింది జర్నలిజం, సారె తిప్పడం రాదు. తెలిసినవాళ్ళను అడిగి, చూసి రాసింది ఇది.

మొదట ఒక కుర్రవాడి సంగతి. బెంగళూరు నుంచి గ్లేజ్ పొడి ప్యాకెట్లు తెచ్చాడు. నీళ్ళలో కలిపి కప్పులకు పూసి, ఇంటి దగ్గర కట్టెల ఆవంలోనే పెట్టి కాల్చాడు. తీసి చూస్తే కప్పుల మీద సున్నం కొట్టినట్టు తెల్లటి పొడి. వేలితో గీకితే రాలిపోయింది. అమ్మినవాడు మోసం చేశాడని అనుకున్నాడు. పొడిలో మోసం లేదు. ఆ గ్లేజ్ కరగడానికి 1200 డిగ్రీలు దాటిన వేడి కావాలి. మన కట్టెల ఆవం మామూలుగా 700 నుంచి 900 డిగ్రీల మధ్యే ఉంటుంది.

గ్లేజ్ అంటే రంగు కాదు

మీ ఇంట్లో అవ్వ కాలం నాటి ఊరగాయ జాడీ ఉంటే ఒకసారి చేత్తో తడిమి చూడండి. పైన ఉన్న నున్నటి పొర గాజు. కుండ మీదే కరిగి అతుక్కున్న గాజు అది. పాత జాడీలు చాలావాటికి కొలిమి బాగా ఎర్రగా ఉన్నప్పుడు లోపలికి ఉప్పు విసిరేవాళ్ళు. ఉప్పు ఆవిరై మట్టిలోని ఇసుకతో కలిసి గాజు పొరగా మారేది.

ఇప్పుడు పొడులు కలిపి పూస్తున్నాం. అందులో మూడు రకాల సరుకు ఉంటుంది. గాజు అయ్యేది సిలికా, అంటే క్వార్ట్జ్ రాయి పొడి. ఒంటరిగా అది 1700 డిగ్రీలకు గానీ కరగదు. దాన్ని తొందరగా కరిగించేవి ఫెల్డ్‌స్పార్, సున్నపు జాతి రాళ్ళు, బోరాన్ ఉన్న ఫ్రిట్. ఫ్రిట్ అంటే ముందే కరిగించి, చల్లార్చి, పొడి చేసిన గాజు. కరిగిన గాజు కిందికి కారిపోకుండా పట్టి ఉంచేది అల్యూమినా, అది తెల్లమట్టి (కెయోలిన్) నుంచి వస్తుంది. వీటికి రంగు కావాలంటే ఇనుము, రాగి, కోబాల్ట్ ఆక్సైడ్లు కొద్దిగా కలుపుతారు.

మూడు వేడిమిలు

గ్లేజ్ ప్యాకెట్ మీద "కోన్" నంబరు ఉంటుంది. కోన్ అంటే వేలెడంత మట్టి కడ్డీ. కొలిమిలో పెడితే తన వేడి వచ్చినప్పుడు వంగిపోతుంది. కోన్ 06 నుంచి 04 వరకు తక్కువ వేడి, సుమారు 1000 నుంచి 1060 డిగ్రీలు. కోన్ 5, 6 మధ్యస్థం, సుమారు 1190 నుంచి 1230. కోన్ 9, 10 ఎక్కువ వేడి, 1280 నుంచి 1300 దాకా.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 06, 6 ఒకటి కాదు. ముందు సున్నా ఉందా లేదా అన్నదాంట్లోనే 200 డిగ్రీల పైన తేడా ఉంది. కొట్లో ప్యాకెట్ తీసుకునేటప్పుడు ఆ సున్నాను వేలు పెట్టి చూసుకోండి.

పుదుచ్చేరిలో 1971లో మొదలైన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ లాంటి చోట్ల ఎక్కువ వేడి పనితోనే పేరు తెచ్చుకున్నారు. ఇప్పుడు చిన్న కార్ఖానాలు ఎక్కువగా కోన్ 6 వైపు వస్తున్నాయి. కారణం ఖర్చే. 1300కి బదులు 1220తో ఆపితే గ్యాసో కరెంటో మిగులుతుంది, కొలిమి తీగలు ఎక్కువ కాలం వస్తాయి. సరిగా కాలితే కప్పు గట్టిగా ఉంటుంది, నీళ్ళు చెమ్మగిల్లవు, రంగులు కూడా బాగా వస్తాయి. కప్పులు, పళ్ళేలు, ఊరగాయ జాడీలు చేసేవాళ్ళకు ఈ మధ్యస్థ గ్లేజే సరైనదని నా అభిప్రాయం కూడా. కానీ దానికి ముందు ఒక పరీక్ష ఉంది.

మీ మట్టి 1200 తట్టుకుంటుందా?

మన చెరువు మట్టిలో ఇనుము ఎక్కువ. కుండ ఎర్రగా రావడానికి కారణం అదే. ఆ ఇనుమే ఎక్కువ వేడిలో మట్టిని కరిగించేస్తుంది. ఇలాంటి ఎర్రమట్టి చాలావరకు 1100 దాటాక ఉబ్బుతుంది, వంగుతుంది, 1200కి వచ్చేసరికి బెల్లం పాకంలా కూలబడి కింది పలకకు అతుక్కుంటుంది. ఒక్క కుండతో పోదు. పలక పాడవుతుంది, పక్కవాళ్ళ సరుకు పాడవుతుంది.

అందుకని గ్లేజ్ కంటే ముందు మట్టిని పరీక్షించండి. పది సెంటీమీటర్ల పొడవు గీత గీసిన మట్టి కడ్డీలు ఆరు చేయండి. కరెంటు కొలిమి ఉన్నవాళ్ళను అడిగి 1000, 1100, 1200 డిగ్రీల దగ్గర రెండేసి కాల్పించండి. ప్రతి కడ్డీనీ గట్టి పళ్ళెంలో ఇసుక పోసి దాని మీద పెట్టమనండి, కరిగినా పలకకు అంటదు. తర్వాత గీత ఎంత కుంచించుకుందో కొలవండి. కడ్డీని తూకం వేసి, రెండు గంటలు నీళ్ళలో ఉడికించి, తుడిచి మళ్ళీ తూకం వేయండి. వంద గ్రాముల కడ్డీ 103 గ్రాములు దాటితే అది ఇంకా నీళ్ళు తాగుతోందని అర్థం.

ఫలితాన్ని బట్టి దారులు రెండు. మీ మట్టి 1100 దగ్గరే మెత్తబడితే దాన్ని అలాగే ఉంచి, 1000 నుంచి 1060కి కరిగే సీసం లేని గ్లేజ్ తీసుకోండి. లేదా కోన్ 6కి తయారైన స్టోన్‌వేర్ మట్టి కొనండి. బెంగళూరులో స్టూడియో కుండల సామాను అమ్మే కొట్లలో సంచుల లెక్కన దొరుకుతుంది. కొన్న మట్టి చేతికి కొత్తగా ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పటి నుంచి కాలేసరికి పదో వంతు కంటే ఎక్కువే కుంచించుకుంటుంది. మూత, జాడీ ఒకే రోజు ఒకే మట్టితో చేయకపోతే తర్వాత మూత పట్టదు.

అన్నిటికీ గ్లేజ్ వద్దు

నీళ్ళ కుండకు గ్లేజ్ వేయకండి. కుండ చెమర్చబట్టే నీళ్ళు చల్లబడతాయి. గాజు పూస్తే ఆ రంధ్రాలు మూసుకుపోయి కుండ ఉత్త పాత్రే అవుతుంది. పొయ్యి మీద పెట్టే సంగటి చట్టికి, పులుసు మూకుడుకు కూడా వద్దు. మన గరుకు మట్టి చట్టి మంటను తట్టుకుంటుంది. గ్లేజ్ వేసిన స్టోన్‌వేర్‌ను నేరుగా మంట మీద పెడితే పగులుతుంది. ఇప్పటికే మంచిగా అమ్ముడుపోతున్న కుండలను మెరుపు కోసం చెడగొట్టుకోవద్దు.

కలపడం, ముంచడం

మొదటిసారి తయారు గ్లేజ్ కొనడమే మేలు. సొంతంగా కలపాలనుకునేవాళ్ళకు కోన్ 6 పారదర్శక గ్లేజ్‌కు చాలామంది వాడే సులువైన లెక్క ఒకటుంది. కెయోలిన్, క్వార్ట్జ్ పొడి, పొటాష్ ఫెల్డ్‌స్పార్, వొలాస్టొనైట్, బోరాన్ ఫ్రిట్ ఐదూ సమానంగా, 20 గ్రాముల చొప్పున. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ మన రాష్ట్రంలోనే గూడూరు వైపు గనుల్లో వస్తాయి, వొలాస్టొనైట్ రాజస్థాన్‌ది. ఫ్రిట్ ఒక్కో కంపెనీది ఒక్కోలా కరుగుతుంది కాబట్టి ముందు వంద గ్రాములే కలిపి చూడండి. నేరుగా పది కిలోలు కలపకండి.

పొడిని నీళ్ళలో వేయండి, నీళ్ళను పొడిలో పోయకండి, గడ్డలు కడతాయి. రాత్రంతా నానబెట్టి 80 నంబరు జల్లెడలో రెండుసార్లు వడకట్టండి. చిక్కదనం చూడడానికి లీటరు గ్లేజ్ తూకం వేయండి. 1,400 నుంచి 1,500 గ్రాముల మధ్య ఉంటే ముంచడానికి బాగుంటుంది. పలచని గంజికీ చిక్కటి మజ్జిగకూ మధ్యగా అనుకోండి.

కప్పు ముందు ఒకసారి కాలి ఉండాలి, సుమారు 1000 డిగ్రీలకు. పచ్చి కప్పును ముంచితే కరిగిపోతుంది. కాలిన కప్పును తడిబట్టతో దుమ్ము తుడిచి ఆరనిచ్చి, మూడు లెక్కపెట్టేంతసేపు ముంచి తీయండి. పూత ఒక మిల్లీమీటరు మందం చాలు. అడుగు, అడుగు నుంచి వేలి వెడల్పు పైదాకా స్పాంజితో శుభ్రంగా తుడవండి. అక్కడ గ్లేజ్ మిగిలితే కప్పు పలకకు అతుక్కుంటుంది.

కాల్చేటప్పుడు 600 డిగ్రీల దాకా నెమ్మదిగా వెళ్ళండి. మీటరు చూపించేదాన్నే నమ్మకుండా 5, 6, 7 కోన్లు మూడూ పక్కపక్కన పెట్టండి. 5 పడిపోయి, 6 వంగి, 7 నిలబడి ఉంటే కాల్పు సరిగ్గా ఉన్నట్టు. ఆపే ముందు పది పదిహేను నిమిషాలు అదే వేడిలో ఉంచితే సూది రంధ్రాలు పూడుతాయి. కొలిమి వంద డిగ్రీల లోపుకు చల్లారేదాకా మూత తీయకండి. ఆత్రం ఆపుకోవడం కష్టమే.

గ్లేజ్ అక్కడక్కడ ముడుచుకుని మట్టి బయటపడితే దుమ్మో చేతి జిడ్డో కారణం. సన్నటి గీతల వల కనిపిస్తే మట్టి కంటే గ్లేజ్ ఎక్కువ కుంచించుకుందన్నమాట. ఒక సంతలో కొన్న కప్పుకు ఆ గీతలుంటే అందమైన డిజైన్ అనుకున్నాను నేను. నెల తిరిగేసరికి గీతల్లో టీ మరక దిగి, కింద టేబుల్ మీద తడి మచ్చ పడింది. తినే పాత్రకు ఆ గీతలు లోపమే.

తినే పాత్రల దగ్గర జాగ్రత్త

సీసం ఉన్న గ్లేజ్ తక్కువ వేడికే కరిగి బాగా మెరుస్తుంది. అందుకే చవకగా దొరికితే చేయి అటు పోతుంది. దాంట్లో మామిడికాయ ఊరగాయో, చింతపండు పులుసో, మజ్జిగో పెడితే పులుపు సీసాన్ని లాగేస్తుంది. అది ముందు దెబ్బ తీసేది పిల్లల మెదడును. ప్యాకెట్ మీద "సీసం లేదు", "ఆహార పాత్రలకు తగినది" అని లేకపోతే కొనకండి. ఎర్ర, నారింజ, పసుపు రంగులకు కాడ్మియం ఉందేమో అడగండి. బేరియం కార్బోనేట్ విషం, దాని జోలికే వద్దు. ఆకుపచ్చ కోసం రాగి ఎక్కువ వేయకండి.

ఇంట్లో చేసే పరీక్ష చెబుతాను. కాలిన బిళ్ళను సగం దాకా వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ఒక రోజు ఉంచండి. మునిగిన సగం రంగు మారినా మెరుపు తగ్గినా ఆ గ్లేజ్‌ను పూలకుండీలకే వాడండి. మారకపోయినంత మాత్రాన సీసం లేదని తేలదు. అది ల్యాబ్‌లోనే తెలుస్తుంది, 4 శాతం ఎసిటిక్ ఆమ్లంలో 24 గంటలు ఉంచి కొలుస్తారు. జాడీలు పెద్ద ఎత్తున అమ్మాలనుకుంటే ఆ పరీక్ష చేయించుకోండి.

మీ ఊపిరితిత్తుల మాట కూడా. క్వార్ట్జ్ పొడి కంటికి కనిపించనంత సన్నగా లేచి లోపలికి పోతే మళ్ళీ బయటికి రాదు. పొడి కలిపేటప్పుడు మంచి మాస్కు పెట్టుకోండి, తువ్వాలు చాలదు. గది చీపురుతో ఊడ్చకుండా తడిబట్టతో తుడవండి. వంట గదిలో ఈ పని వద్దే వద్దు.

డబ్బు ఏ వరుసలో ఖర్చు పెట్టాలి

విశ్వకర్మలో ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు, రోజుకు 500 రూపాయల భృతి. 15 వేల రూపాయల దాకా ఇచ్చే ఈ-వోచరు పనిముట్ల కోసం. పూచీకత్తు లేని మొదటి రుణం లక్ష వరకు, 5 శాతం వడ్డీ, 18 నెలల్లో తీర్చాలి. లక్ష తీసుకుంటే నెలకు దాదాపు 5,800 రూపాయలు కట్టాలి. అది సక్రమంగా తీర్చినవాళ్ళకు రెండో విడత 2 లక్షల వరకు, 30 నెలలకు. నమోదు కామన్ సర్వీస్ సెంటర్‌లో ఉచితం, మధ్యలో ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు.

మొదటి లక్షతోనే కొలిమి కొనాలని చాలామంది అంటున్నారు. నేనైతే వద్దంటాను. కరెంటు కొలిమికి త్రీ ఫేజ్ సర్వీసు కావలసి రావచ్చు, ముందు లైన్‌మన్‌ను అడగండి. మొదటి ఆరు నెలలు అద్దెకు కాల్చి ఇచ్చేవాళ్ళ దగ్గర కాల్పించండి. కదిరి, హిందూపురం, బెంగళూరు ఎక్కడ కుదిరితే అక్కడ, లేదా నలుగురు కలిసి ఒకే కొలిమి నింపుకోండి. ఎన్ని కప్పులు నిలిచాయి, ఎన్ని పగిలాయి, ఎంతకు అమ్ముడుపోయాయి అని నోటుబుక్కులో రాయండి. నెలకు 5,800 కిస్తీ ఆ లెక్కలో కనిపిస్తేనే కొలిమి మాట.

నేర్చుకోవాలంటే కర్ణాటకలో బెళగావి జిల్లా ఖానాపూర్‌లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వారి కేంద్ర గ్రామీణ కుండల శిక్షణ సంస్థ ఉంది. మన రాష్ట్రంలో గూడూరులో ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, పదో తరగతి పాసైన మీ పిల్లలకు డిప్లొమా దారి అది.

పరీక్ష బిళ్ళలు మాత్రం పారేయకండి. ప్రతి బిళ్ళ వెనక మట్టి పేరు, గ్లేజ్ పేరు, కోన్ నంబరు, తేదీ ఐరన్ ఆక్సైడ్‌తో రాసి, కాలాక దారానికి గుచ్చి గోడకు తగిలించండి. ఈసారి శిక్షణకు వచ్చేటప్పుడు ఆ దండ తీసుకురండి. పాడైన బిళ్ళలు కూడా తెండి, ఎక్కడ తప్పు జరిగిందో శిక్షకులు వాటిని చూసే చెప్పగలరు.