వార్తల్లో పదం: సంగీత మార్పిడి

పాత టెలివిజన్ ధారావాహికలు డీవీడీలుగా వెలువడేటప్పుడు, ప్రసారంలో వినిపించిన ప్రసిద్ధ గీతాలను తొలగించి వాటి స్థానంలో తక్కువ ఖర్చుతో దొరికే బాణీలను చేర్చడాన్ని సంగీత మార్పిడి అంటారు. దృశ్యానికి పాటను జతచేయాలంటే, సాహిత్య, స్వరాల హక్కుదారు నుంచి సింక్రొనైజేషన్ లైసెన్సును, ఆ ధ్వనిముద్రణ ఎవరిదో వారి నుంచి మాస్టర్ లైసెన్సును వేర్వేరుగా పొందాలి. ఇంటింటా వీడియో రాకముందు ఈ అనుమతులను చాలావరకు ప్రసారానికి, అదీ పరిమిత కాలానికే తీసుకునేవారు కాబట్టి, డీవీడీ కోసం మళ్లీ బేరమాడవలసి వచ్చింది.

అమెరికాలో సీబీఎస్ 1978 నుంచి 1982 వరకు ప్రసారం చేసిన ‘డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి’ ఒక రేడియో కేంద్రం కథ కావడంతో, అందులోని పాటలు నేపథ్యం కావు, కథలో భాగం. ఒక ఎపిసోడ్‌లో రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ పాట మోగుతుండగా, అందులోని కుక్కల అరుపులు విన్న కేంద్రం మేనేజరు వాటి గురించి డీజేను అడుగుతాడు. 2007 నాటి డీవీడీలో పాటతోపాటు ఆ సంభాషణ కూడా పోయింది. ఇది పొదుపు కాదు, రచనను వికలం చేయడమే. షౌట్ ఫ్యాక్టరీ సంస్థ 2014లో అనుమతులు సంపాదించి అసలు పాటల్లో అధికభాగాన్ని పునరుద్ధరించింది, కొన్ని మాత్రం తిరిగి రాలేదు.