384 కలిపితే ‘కేమ ఛో’

థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రామ్‌కి తగిలించే ఎక్స్‌టెన్షన్ నిజానికి ఒక జిప్ ఫైలు. పేరు చివర ‘ఎక్స్‌పీఐ’ తీసేసి ‘జిప్’ అని పెడితే చాలు, లోపలున్నదంతా విప్పి చూసుకోవచ్చు. ఆ ఎక్స్‌పీఐ ఫైలును ఫైర్‌ఫాక్స్‌లో మామూలుగా నొక్కితే మాత్రం, తనకే కాబోలనుకుని ఫైర్‌ఫాక్స్ దాన్ని పెట్టుకోబోయి, కుదరదని చేతులెత్తేస్తుంది. రైట్ క్లిక్ చేసి సేవ్ చేసుకుని, థండర్‌బర్డ్‌లోంచి ఎక్కించుకోవాలి.

ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటులో ఉండేవి. ఫాంటు లేనివాడికి కనిపించేది పిచ్చిగీతలే. వెన్న నాగార్జున తయారుచేసిన ‘పద్మ’ ఆ పాఠాన్ని అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చేది. ఫైర్‌ఫాక్స్‌తో పాటు థండర్‌బర్డ్‌లోనూ పనిచేసేది. తెలుగుతో మొదలై గుజరాతీ వంటి భాషలకూ పాకింది.

2020లో వచ్చిన థండర్‌బర్డ్ 78తో పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లన్నిటికీ తలుపు మూసుకుంది. ఉత్తరాలకు తాళం వేసే ‘ఎనిగ్‌మెయిల్’ పని ప్రోగ్రామ్‌లోనే కలిసిపోయింది. మిగతావాటిని మళ్లీ రాయాల్సి వచ్చింది.

ఎక్కించేటప్పుడు వచ్చే అనుమతుల పెట్టెను చదవకుండా ‘యాడ్’ నొక్కేయడం మనందరికీ అలవాటే. కొన్నిటికి ఆ పెట్టె, థండర్‌బర్డ్‌తో పాటు మీ కంప్యూటర్ మీద కూడా పూర్తి అధికారం ఇవ్వమని అడుగుతుంది. అక్కడ మాత్రం ఆగాలి.

ఇలాంటి ఎక్స్‌టెన్షన్‌ను మనమే రాసుకోవచ్చు. ఉదాహరణకు గుజరాత్‌లోని సూరత్ సంగతి. అక్కడి మగ్గాల మీద పనికి తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. నగరపాలక బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. గుజరాతీ మాట్లాడడం వచ్చి, చదవడం రానివాళ్ల కోసం ఒక బుల్లి ఎక్స్‌టెన్షన్ రాసుకోవచ్చు. సూత్రం ఒక్కటే: గుజరాతీ అక్షరం యూనికోడ్ సంఖ్యకు 384 కలపడం. గుజరాతీ ‘క’ 2709, తెలుగు ‘క’ 3093. మన ముఖ్య లిపుల్లో ఒకే ధ్వనికి ఒకే స్థానం ఇచ్చిన ఇస్కీ ప్రమాణాన్ని యూనికోడ్ అనుసరించడం వల్ల వచ్చిన సుళువు ఇది. భాష మారదు, లిపి మాత్రమే మారుతుంది.

కావలసినవి రెండు ఫైళ్లు. ఒకటి ‘మ్యానిఫెస్ట్’: పేరు, వెర్షన్, ఉత్తరాన్ని మార్చి చూపే అనుమతి. రెండోది జావాస్క్రిప్ట్: ఉత్తరం తెరవగానే 384 కలిపే నాలుగు వరుసలు. ‘డీబగ్ యాడ్ఆన్స్’లోంచి తాత్కాలికంగా ఎక్కించి చూడొచ్చు, థండర్‌బర్డ్ మూసేస్తే పోతుంది.

‘ఎలా ఉన్నారు’ అని అడిగే ‘కేమ ఛో’ చక్కగా వస్తుంది. ఊరి పేరు ‘సురత’ అని వస్తుంది, చివరి పొల్లు వాళ్లు రాయరు, పలుకుతారంతే. చిక్కు డాక్టర్ లాంటి మాటలతో వస్తుంది. ఇంగ్లిష్ మాటల్లోని ‘ఆ’ లాంటి ‘ఓ’కు గుజరాతీలో ప్రత్యేకంగా ఒక గుర్తుంది. 384 కలిపితే చేరే చోట తెలుగులో ఏమీ లేదు, ఖాళీ డబ్బా కనిపిస్తుంది. ఆ ఒక్క గుర్తును దీర్ఘంగా మార్చమని ఇంకో వరుస రాస్తే ‘డాక్టర’ దాకా వస్తాడు.