గురి మైకు పాటను దగ్గరికి లాగదు

ఇంట్లో పెద్దావిడ పాత పెళ్లిపాటలు పాడతారు. పాడమంటే ముందు మొహమాటపడతారు. ఒకసారి అందుకున్నాక మాత్రం పాట వెంట పాట వస్తూనే ఉంటుంది. అవి ఆమెతోనే పోకూడదని మనవడో మనవరాలో ఒక చిన్న రికార్డర్ కొంటారు. జూమ్, టాస్కమ్, సోనీ వంటి కంపెనీలవి చేతిలో ఇమిడేవి ఇప్పుడు మామూలు ఫోను ధరకే దొరుకుతున్నాయి. పాటలన్నీ రికార్డు చేసి, రాత్రి హెడ్‌ఫోను పెట్టుకుని వింటారు. పాట ఉంది. దాంతోపాటు ఫ్యాను చప్పుడు, వీధిలో ఆటో, పెరట్లో కోడి, పక్కింటి టీవీ కూడా ఉన్నాయి.

ఆ చప్పుళ్లు పాడేటప్పుడూ ఉన్నాయి. మన మెదడు వాటిని పక్కకు నెట్టి పాటనే విన్నది. రికార్డర్‌కు ఆ శక్తి లేదు. పైగా దాని తలపై ఉండే రెండు మైకులను చుట్టూ ఉన్న వాతావరణమంతా పట్టేలా అమరుస్తారు. కనుక అది తన పని సరిగానే చేసింది. ఇక్కడే చాలామందికి బయటి నుంచి తగిలించే గురి మైకు కొనాలన్న ఆలోచన వస్తుంది. కొనే ముందు అది ఏం చేస్తుందో తెలుసుకోవాలి.

చాలామంది దాన్ని కెమెరా జూమ్ లెన్సు లాంటిదనుకుంటారు. కాదు. లెన్సు దూరపు వస్తువును పెద్దది చేస్తుంది. గురి మైకు దేన్నీ పెద్దది చేయదు. పక్కల నుంచి, వెనక నుంచి వచ్చే చప్పుడును కొంత తగ్గిస్తుంది, అంతే. ఎంత తగ్గిస్తుందో చెప్పడానికి ఒక లెక్క ఉంది. అన్ని వైపులా సమానంగా వినే మైకును గాయని నుంచి 1 మీటరు దూరంలో పెట్టామనుకుందాం. అందులో పాటకూ గది చప్పుడుకూ ఏ నిష్పత్తి వస్తుందో, కార్డియాయిడ్ (ముందువైపు ఎక్కువగా, వెనక బాగా తక్కువగా వినే మైకు) 1.7 మీటర్ల దూరంలో అదే ఇస్తుంది. హైపర్‌కార్డియాయిడ్ (అంతకంటే ఇరుకుగా వినే రకం) 2 మీటర్ల దాకా వెళ్లగలదు. అంటే వేలు ఖర్చుపెట్టి సంపాదించే లాభం దాదాపు రెట్టింపు దూరం.

ఇదే లాభం ఖర్చు లేకుండానూ వస్తుంది. మైకును సగం దూరానికి జరిపితే నేరుగా వచ్చే పాట 6 డెసిబెల్లు (ధ్వని తీవ్రతకు కొలమానం) పెరుగుతుంది. గదిలో అటూఇటూ తిరిగే చప్పుడు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. మీటరు నుంచి అర మీటరుకు, అక్కడి నుంచి పావు మీటరుకు జరిపితే కలిసొచ్చేది 12 డెసిబెల్లు. ఏ మైకూ గది అవతల నిలబడి ఇంత మేలు చేయలేదు.

గురి మైకుల్లో అందరి కంటా పడేది షాట్‌గన్ మైకు (తుపాకీ గొట్టంలా పొడుగ్గా ఉండేది). ఆ గొట్టానికి రెండు పక్కలా సన్నని చీలికలుంటాయి. ఎదురుగా వచ్చిన ధ్వని గొట్టంలోంచి నేరుగా లోపలి పొరను చేరుతుంది. పక్క నుంచి వచ్చినది ఒక్కో చీలికలోంచి ఒక్కో క్షణంలో దూరుతుంది. వేర్వేరు సమయాల్లో చేరిన అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పక్క చప్పుడు తగ్గేది అలా.

అయితే అలలు కొట్టేసుకోవాలంటే వాటి పొడవుకు గొట్టం పొడవు సాటి రావాలి. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. సెకనుకు 1000 కంపనాల ధ్వనికి అల పొడవు 34 సెంటీమీటర్లు. 100 కంపనాల ధ్వనికి 3.4 మీటర్లు. సినిమా షూటింగుల్లో దశాబ్దాలుగా వాడుతున్న సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416 పొడవు 25 సెంటీమీటర్లు. అంత గొట్టం కీచురాయి రొదను, గిన్నెల చప్పుడును బాగా తగ్గిస్తుంది. లారీ గుర్రుమనడాన్ని, జనరేటర్ హోరును గొట్టం పట్టించుకోదు. వాటికి రికార్డర్‌లో లో కట్ (అడుగు స్థాయి ధ్వనులను కోసేసే అమరిక) ఉంటుంది. దాన్ని సెకనుకు 80 కంపనాల దగ్గర పెడితే పాటకు నష్టం లేకుండా ఆ హోరు చాలావరకు పోతుంది.

గదిలో ఇంకో చిక్కుంది. గచ్చు నేల, నున్నటి గోడలు పాటనే అద్దంలా తిప్పి కొడతాయి. ఆ ప్రతిధ్వని పక్క చీలికల్లోంచి దూరి, గొట్టంలో కొంత చెడి, కొంత మిగిలి, గొంతుకు డబ్బాలోంచి పాడినట్టున్న రంగు పూస్తుంది. అందుకే నాలుగు గోడల మధ్య షాట్‌గన్ వద్దంటాను. అక్కడ పొట్టి కార్డియాయిడ్ గానీ హైపర్‌కార్డియాయిడ్ గానీ మంచిది. పాడేవారు ఒక్కరే అయితే కాలరుకు పెట్టే చిన్న మైకు కూడా చాలు. షాట్‌గన్‌కు తగిన చోటు ఆరుబయలు. వాకిలి, పొలం గట్టు, జాతర మైదానం.

రకం తేలాక సాకెట్టు చూడాలి. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. మంచి కండెన్సర్ మైకులు (పనిచేయడానికి కరెంటు కావాల్సినవి) చాలావరకు ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల లావు ప్లగ్గు) మీదుగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు తీగలోనే పంపే విద్యుత్తు) అడుగుతాయి. జూమ్ హెచ్4ఎన్, హెచ్5, టాస్కమ్ డీఆర్-40 వంటివి అది ఇస్తాయి. జూమ్ హెచ్1ఎన్ లాంటి చిన్నవాటికి 3.5 మిల్లీమీటర్ల రంధ్రం మాత్రమే ఉంటుంది. అందులో వచ్చేది రెండు మూడు వోల్టులు. మార్పిడి ప్లగ్గు కొంటే తీగ కలుస్తుంది గానీ 48 వోల్టులు రావు. చిన్న రికార్డరే ఉంటే, లోపల సొంత సెల్లు వేసుకునే మైకు వెతకండి. రోడ్ ఎన్‌టీజీ2 ఒక ఏఏ సెల్లుతోనూ నడుస్తుంది. ఫోను కోసం చేసిన మైకు ప్లగ్గుకు మూడు నల్ల గీతలుంటాయి, రికార్డర్‌కు కావాల్సింది రెండు గీతలది. ఫాంటమ్ పవర్ రికార్డర్ సెల్లులను త్వరగా తాగేస్తుంది కూడా. ఊరికి వెళ్లేటప్పుడు రెండు జతలు అదనంగా పట్టుకెళ్లాలి.

తర్వాత చూడాల్సింది సెల్ఫ్ నాయిస్ (మైకు తనలో తాను చేసే సన్నని సరసర). ఎంకేహెచ్ 416కు ఇది 13 డెసిబెల్లు, ఎన్‌టీజీ2కు 18. పాటకు, మాటకు 18 అడ్డు కాదు. పిట్టల కూతలకు అడ్డే. దీనితో ముడిపడినది సెన్సిటివిటీ (అదే ధ్వనికి మైకు ఎంత విద్యుత్తు పుట్టిస్తుందన్నది). ఒకే తీవ్రత గల ధ్వనికి 416 ఇచ్చేది 25 మిల్లీవోల్టులు. సభల్లో చేత్తో పట్టుకునే షూర్ ఎస్ఎం58 ఇచ్చేది 2 మిల్లీవోల్టుల లోపే. చవక రికార్డర్లలో ధ్వనిని పెంచే భాగం కొంత రొద చేస్తుంది. బలహీనమైన మైకు పెడితే ధ్వనిని ఎక్కువగా పెంచాలి, పాటతోపాటు ఆ రొదా పెరుగుతుంది. ఈమధ్య వచ్చిన 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు (ఎంత గట్టిగా పాడినా ధ్వని పగలకుండా నమోదు చేసేవి) లెవెలు సరిచూసుకునే బెంగ తీర్చాయి. మైకు చేసే రొదను మాత్రం అవీ తీసేయలేవు.

తీరప్రాంతం వారికి ఒక మాట. కాకినాడ, విశాఖ ఉక్కపోతలో కొన్ని కండెన్సర్ మైకులు చిటపటలాడతాయి. 416, రోడ్ ఎన్‌టీజీ3 రేడియో ఫ్రీక్వెన్సీ పద్ధతిలో పనిచేస్తాయి కనుక తేమను బాగా తట్టుకుంటాయి. ధర ఎక్కువే. వానాకాలంలోనూ బయట పనిచేసేవారికి అది దండగ కాదు. ఆరుబయట బొచ్చు తొడుగు తప్పనిసరి. మైకుతో వచ్చే స్పాంజి తొడుగు ఇంట్లో నోటి గాలిని ఆపుతుంది గానీ పొలం గాలిని ఆపదు.

ఒగ్గుకథ లాంటిదైతే లెక్క మారుతుంది. కథకుడు నిలబడి ఆడతాడు, తిరుగుతాడు, పక్కన డోళ్లు మోగుతుంటాయి. ఇరుకుగా వినే మైకు గురి తప్పిన ప్రతిసారీ గొంతు రంగు మారుతుంది. నాలుగు ట్రాకుల రికార్డర్ ఉంటే తలపై మైకులతో డోళ్లనూ జనాన్నీ, బయటి మైకుతో కథకుడినీ విడివిడిగా నమోదు చేయవచ్చు. ఎంత కలపాలో ఇంటికొచ్చాక చూసుకోవచ్చు. అలాంటి చోట నేను చేసేది అదే.

నిజంగా ధ్వనిని పోగుచేసి పెద్దది చేసే సాధనం ఒకటుంది. అది పారాబోలిక్ డిష్ (గిన్నె ఆకారపు పళ్లెం మధ్యలో మైకు). పిట్టల కూతలకు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారు 1930ల నుంచి వాడుతున్నారు. దానికీ అల పొడవు నియమమే. అర మీటరు పళ్లెం పిట్ట ఈలను బాగా పెంచుతుంది, గుడ్లగూబ హూంకారాన్ని పెంచలేదు. పైగా కూత ఏ దిక్కున ఉందో ముందే తెలియాలి. 1900 తర్వాత కనబడక, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికిన కలివి కోడి రాత్రిపూట తిరిగే పిట్ట. చూడటం కంటే వినడమే తేలిక గనుక పరిశోధకులు కూత ఆధారంగా దాన్ని వెతికారు. ఎటు నుంచి పిలుస్తుందో తెలియని పిట్టకు అన్ని వైపులా వినే మైకే దిక్కు.

కొనే ముందు ఒక పని చేయండి. ఉన్న రికార్డర్‌నే పాడే మనిషి నోటికి రెండు జానల దూరంలో, మెత్తటి బట్ట మీద పెట్టండి. ఫ్యాను, టీవీ ఆపండి. ఒక పాట పట్టి హెడ్‌ఫోనుతో వినండి. అది చాలదనిపిస్తేనే దుకాణానికి వెళ్లండి. ఏ మైకు వాడినా, పాట మొదలయ్యే ముందు పాడేవారి పేరు, ఊరు, తేదీ వారి నోటనే చెప్పించండి.