చూడబోతే ఆటబొమ్మ... పనికి కంప్యూటరే!

బోధన్ (మా గ్రామీణ విలేకరి):

రెండు చేతులా పట్టుకునే ఏడంగుళాల తెర. దానికి ఇరుపక్కలా బొటనవేళ్ళతో తిప్పే చిన్న పుల్లలు, మీటలు. చూసినవారెవరైనా పిల్లల వీడియో గేమ్ అనే అంటారు. కానీ లోపల నడిచేది నిజామాబాద్ ఆఫీసుల్లో బల్లలమీద కనిపించే కంప్యూటరు లాంటిదే.

కొడుకో కూతురో ఇది కావాలని అడిగితే “ఆటకు డెబ్బై వేలా?” అంటారు పెద్దలు. “ఇది కంప్యూటరే నాన్నా” అంటారు పిల్లలు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఆరు నెలలుగా ఇలాంటి యంత్రం మీదే వార్తలు రాసి పంపుతున్న ఈ విలేకరి గమనించిన మంచీ చెడూ ఇవి.

ఎక్కడిదీ యంత్రం?

అమెరికాలోని వాల్వ్ సంస్థ 2022 ఫిబ్రవరిలో ‘స్టీమ్ డెక్’ పేరుతో ఇలాంటి యంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది. అది లినక్స్ మీద నడుస్తుంది. తైవాన్‌కు చెందిన ఆసుస్ సంస్థ ‘ఆర్‌ఓజీ ఆలై’ని 2023 జూలైలో మన దేశంలో విడుదల చేసింది. అప్పటి ధర రూ. 69,990. బరువు 608 గ్రాములు. ఇందులో విండోస్ ఉంటుంది.

పని ఎలా జరుగుతుంది?

పుల్ల తిప్పితే తెరమీద బాణం గుర్తు కదులుతుంది. వేలితో తాకినా పని జరుగుతుంది. తెలుగు అక్షరాలు విండోస్‌లోనే ఉన్నాయి. తెరమీదే ఒత్తుతూ నాలుగు పంక్తులు రాయవచ్చు గాని, పూర్తి వార్త రాయాలంటే చేతులు గుంజుతాయి. అందుకు విడిగా కీబోర్డు, మౌస్ కావాలి. హబ్ అనే చిన్న పెట్టెతో ఇంట్లోని టీవీకి కలిపితే అదే పెద్ద తెర అవుతుంది. వీటన్నిటికీ మరికొన్ని వేలు ఖర్చు.

అలా అమర్చుకుంటే భూభారతిలో పొలం వివరాలు చూసుకోవచ్చు, డిగ్రీ ప్రవేశానికి దోస్త్ దరఖాస్తు నింపవచ్చు. టీవీకి కలపకపోతే మాత్రం సర్వే నంబర్లు చీమల బారులా కనబడతాయి. పెద్దవారి కంటికి ఆనవు. ‘ఆలై’కి కెమెరా కూడా లేదు. గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో ముఖాముఖి మాట్లాడాలంటే మళ్ళీ సెల్‌ఫోనే దిక్కు.

కరెంటు, నెట్ లెక్క

‘ఆలై’ బ్యాటరీ సామర్థ్యం 40 వాట్ అవర్లు. పెద్ద ఆటకు గంటకు 20 వాట్ అవర్లు ఖర్చయితే రెండు గంటలే వస్తుంది. రాతపనికి పది చొప్పున వేసుకుంటే నాలుగు గంటలు. నిజామాబాద్‌లో బస్సెక్కి ఆడుతూ కూర్చుంటే హైదరాబాద్ సగం దారిలోనే ఆగిపోతుంది. అయితే కరెంటు బిల్లుకు భయం లేదు. ఒక్క యూనిట్‌తో ఇరవైసార్లు ఛార్జింగ్ చేయవచ్చు.

నెట్ సంగతి వేరు. పెద్ద ఆట ఒక్కోటి 60 జీబీ పైనే ఉంటుంది. రోజుకు 2 జీబీ వచ్చే సెల్‌ఫోన్ మీద దించుకోవాలంటే నెల పడుతుంది. వేడి, దుమ్ము దీనికి పడవు. మే నెలలో రేకుల ఇంట్లో లోపలి ఫ్యాను రొద పెడుతూనే ఉంటుంది.

ఆట వేరు, పందెం వేరు

గేమ్ అనగానే పెద్దలకు ఆన్‌లైన్ రమ్మీ గుర్తుకొస్తుంది. డబ్బు పెట్టి ఆడే అలాంటి ఆటలను తెలంగాణ ప్రభుత్వం 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఈ యంత్రాలు తయారైంది పందేలకు కాదు, కొనుక్కుని ఆడే ఆటలకు. అయినా పిల్లవాడి చదువుకునే రాత్రులను మింగేస్తే అది పందెం లేని ఆటైనా నష్టమే.

కొనాలా, వద్దా?

1937లో శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు బిల్లు చేతికి రాగానే ఇంటికి కొత్త వస్తువు తెచ్చుకున్న రోజులు ఆ ఫ్యాక్టరీతోనే పోయాయి. ఇప్పుడు చాలా ఇళ్ళకు వడ్ల పైసలే ఆధారం. 2025-26లో ‘ఏ’ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,389. ఆ లెక్కన డెబ్బై వేలంటే 29 క్వింటాళ్ళ పైమాట. బాగా పండిన ఎకరం పంట అన్నమాట.

ఇంటికి మొదటి కంప్యూటరు కొనేవారికి మామూలు ల్యాప్‌టాప్ మేలు. కీబోర్డు, కెమెరా, పెద్ద తెర దానితోనే వస్తాయి, ఖర్చూ తక్కువే. ఇప్పటికే కంప్యూటరు ఉండి, ఊళ్ళు తిరుగుతూ పని చేసుకునేవారికి, తీరిక వేళ ఆట కూడా కావాలనుకునేవారికి ఈ చేతి యంత్రం సరిపోతుంది. ముందు ఎవరి దగ్గరైనా ఉంటే ఒక పూట చేతబట్టి, ఆట పక్కనబెట్టి, ఒక దరఖాస్తు నింపి చూడడం మంచిది. డబ్బు తీసే ముందే తండ్రికీ కొడుక్కీ విషయం తేలిపోతుంది.