మట్టగిడసా, కొర్రమీను పిల్లా?

మా పర్లాకిమిడి వైపు ఒకే చేపకి మూడు పేర్లు వినిపిస్తాయి. మనవాళ్లు మట్టగిడస అంటారు. ఒడియావాళ్లు గడిశ అంటారు. ఒడియా బడిలో చదివిన మన పిల్లలు ఈ రెండూ వదిలేసి "చిన్న కొర్రమీను" అనేస్తున్నారు. మొదటి రెండు పేర్లూ సరైనవే, మూడోదే తప్పు. మట్టగిడస పెరిగితే కొర్రమీను అవదు. రెండూ ఒకే కుటుంబంలోవే గాని జాతులు వేరు. శాస్త్రం లెక్కలో మట్టగిడస చన్నా పంక్టేటా, కొర్రమీను చన్నా స్ట్రయేటా.

గుర్తుపట్టడం ఎలాగంటే, మట్టగిడస సాధారణంగా జానెడుకి మించదు. పక్కల మీద నల్లటి మచ్చలు, చాలావాటికి ఒంటినిండా సన్నటి చుక్కలు ఉంటాయి. కొర్రమీను పిల్లకి పొట్టవైపు ఏటవాలు చారలుంటాయి. నీటిని బట్టి రంగు మారుతుంది కాబట్టి అనుమానమొస్తే వీపు రెక్క విప్పి ఈనెలు లెక్కపెట్టండి. మట్టగిడసకి 28 నుంచి 33 ఉంటాయి, కొర్రమీనుకి 37 నుంచి 46. పిల్లకైనా పెద్దదానికైనా ఈ లెక్క మారదు.

పట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. సన్న గాలం, బెండు, ఎర్ర చాలు. మిడతకైనా, చిన్న కప్పకైనా పడుతుంది. లోతుకి వెయ్యకండి. గట్టు పక్కన, నాచు అంచున, మోకాలి లోతు నీళ్లలో వెయ్యాలి. ఇది గాలి పీల్చే చేప, కాసేపటికోసారి పైకొచ్చి గుటక వేసి వెళ్తుంది. నీటిమీద ఆ చప్పుడు, బుడగ ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎర దించండి. బెండు మునగ్గానే లాగెయ్యాలి, లేకపోతే నాచులోకి దూరిపోతుంది. పట్టింది తడి కుండలో వేసి మూత పెట్టండి, ఎగిరి బయటపడుతుంది. కొద్దిపాటి నీళ్లలోనే గంటలకొద్దీ బతుకుతుంది. జిగురు పోవాలంటే బూడిద రాసి తోమాలి.

ఒక్క మాట మాత్రం మరవొద్దు. వానల్లో నీటిమీద ఎర్రగా పిల్లల గుంపు కదులుతుంటే అవి కొర్రమీను పిల్లలు, కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. అక్కడ గాలం వెయ్యకండి. కాపలా చేప పోతే పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి. "మట్టగిడసలే కదా" అని ఆ పిల్లల్ని గుడ్డతో దేవేసినా అంతే, ఆ ఏటి కొర్రమీను పోయినట్టే. పేరు పోతే వచ్చే నష్టం ఇదే.

ఇక మాట సంగతి. ఒడియా గడిశ, మన గిడస పక్కపక్కన పెడితే పోలిక చెవికే తెలుస్తుంది. మనవాళ్లు ముందు "మట్ట" చేర్చుకున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యాక పర్లాకిమిడి అటు చేరింది. సరిహద్దుకి రెండువైపులా తెలుగు ఇళ్లల్లో చేప "సేప"గానే మిగిలింది, మట్టగిడస కూడా మిగిలింది. ఒడియాలో కొర్రమీనుకి సెవుళ అని వేరే పేరుంది. తమిళనాడులో ఉన్న మనవాళ్లకి కొర్రమీను విరాల్‌గా, మట్టగిడస కురవైగా తెలిసుంటుంది. మహారాష్ట్రలో కొర్రమీనుని మరళ అంటారు. అన్నిచోట్లా పెద్దదానికి ధర ఉంది కాబట్టి పేరు నిలుస్తుంది. చిన్నదాని పేరే ముందు జారిపోతుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే చేప చూపించి పేరు అడగండి. చెప్పిన పేరు ఉచ్చారణతో సహా రాసి పెట్టుకోండి, పక్కన ఈనెల లెక్క కూడా వెయ్యండి. ఏ పేరు ఏ చేపదో అప్పుడు తేలుతుంది.