రంగును బట్టి పాము స్వభావం తెలుస్తుందా?

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పైన్ అడవుల్లో, పొలాల్లో, పాత ధాన్యపు కొట్లలో తిరిగే విషం లేని పాము కార్న్ స్నేక్. శాస్త్రీయ నామం పాంథెరోఫిస్ గట్టేటస్. మన జెర్రిపోతుదీ దీనిదీ ఒకే కుటుంబం. కాకపోతే ఇది ఎరను చుట్టలతో బిగించి చంపి మింగుతుంది. పెంపకంలో దీనికి ఎరుపు, నారింజ, బూడిద, తెలుపు ఛాయల్లో ఎన్నో రకాలు పుట్టుకొచ్చాయి. ఫలానా రంగు పాము సాధువనీ, ఫలానాది కరుస్తుందనీ, ఇంకొకటి తిండి ముట్టదనీ పెంపకందారులు చెప్పుకుంటారు. ఇందులో నిజమెంతో తేల్చుకోవడం అవసరం. పొరపాటు జరిగితే పస్తుండేది గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పాముపిల్ల.

ముందుగా రంగు సంగతి. నల్లని వర్ణకం లేని రకం అంతర్గత జన్యువు (రెండు ప్రతులు ఉంటేనే ప్రభావం చూపేది) వల్ల వస్తుందని బెక్టెల్ దంపతులు పాములను జతకట్టించి 1962లో నిరూపించారు. ఓసీఏ2 అనే జన్యువులోకి ఒక చర డీఎన్ఏ ఖండం చొరబడటమే దీనికి మూలమని జెనీవా పరిశోధకులు 2015లో గుర్తించారు. ఆ జన్యువుకు తెలిసిన పని నల్లని వర్ణకమైన మెలనిన్ తయారీలో సాయపడటం. ఆకలినీ కోపాన్నీ దానికి అంటగట్టడానికి ఆధారం లేదు.

అసలైన తేడా పుట్టిన నేలలో కనిపిస్తుంది. ఫ్లోరిడా దక్షిణ కొసన ఉన్న కీస్ దీవుల వంశానికి చెందిన పిల్లలు ఎలుకపిల్లను తరచుగా కాదంటాయి, బల్లి జాతి జీవుల కోసం వెతుకుతాయి. పెంపకందారులకు ఇది బాగా తెలిసిన చిక్కు. తొలి కుబుసం విడిచాక పిల్ల ముందు కళ్లు తెరవని, బొచ్చు రాని గులాబీ రంగు ఎలుకపిల్లను పెడతారు. అది నాలుక ఒకటి రెండుసార్లు ఆడించి పక్కకు జరిగిపోతుంది. అదే ఎలుకపిల్లను అనోల్ బల్లి చర్మానికి రుద్ది పెడితే నాలుక వేగం పుంజుకుంటుంది, మెడ వెనక్కి ముడుచుకుంటుంది, మరుక్షణం దవడలు ఎరను పట్టేస్తాయి. నాలుక తెచ్చిన రసాయనాలను అంగిట్లోని జాకబ్సన్ అవయవం పసిగడుతుంది. ఆ పిల్ల దృష్టిలో ఆహారమంటే ముందు వాసన.

ఈ అభిరుచి పుట్టుకతో రాగలదనడానికి మరో జాతి సాక్ష్యం చెబుతుంది. కాలిఫోర్నియా గార్టర్ పాములపై స్టీవన్ ఆర్నాల్డ్ 1970లలో ప్రయోగాలు చేశారు. తీరప్రాంతపు తల్లులకు ప్రయోగశాలలో పుట్టిన పిల్లల్లో ఎక్కువ భాగం పెంకు లేని నత్తలను ఇష్టంగా తిన్నాయి. ఆ నత్తలు దొరకని లోపలి ప్రాంతాల తల్లుల పిల్లలు చాలావరకు వాటిని ముట్టలేదు. రెండు గుంపులకూ అంతకుముందు నత్త అంటే తెలియదు. కార్న్ స్నేక్ విషయంలోనూ రంగు పేరు కన్నా వంశం ఊరు ముఖ్యమని నేను నమ్మడానికి ఇదే కారణం.

‘బ్లడ్‌రెడ్’ రకం పిల్లలకు తిండి పెట్టడం ఒకప్పుడు గగనమయ్యేది. ముదురు ఎరుపు కోసం దగ్గరి బంధువులనే తరతరాలుగా జతకట్టించారు. బయటి వంశాల పాములతో కలిపాక పిల్లలు గట్టిపడ్డాయి, తిండీ మెరుగైంది. ఇక్కడ తప్పు ఎరుపుది కాదు, అంతఃప్రజననానిది.

స్వభావం మీద తీర్పు చెప్పేముందు మరింత జాగ్రత్త కావాలి. ఏ రంగు పిల్లయినా భయపడితే తోక వణికిస్తుంది, కాటుకు దూకుతుంది. పెద్దదవుతూ, మనిషి చేతికి అలవాటుపడుతూ చాలావరకు నెమ్మదిస్తుంది. కుబుసానికి ముందు కళ్లు మసకబారినప్పుడు చిరాకు పడుతుంది, తిండి మానేస్తుంది. వసంతంలో జత కోసం తిరిగే మగపాము కూడా అంతే. ఒకటి రెండు పాములను అలాంటి రోజుల్లో చూసి రకమంతటికీ పేరు పెట్టేయడం అన్యాయం.

రంగుకూ స్వభావానికీ సంబంధం ఉందో లేదో పరీక్షించడానికి ప్రకృతే ఏర్పాటు చేసి ఉంచింది. నల్లని వర్ణకం లేని పామును, ఆ అంతర్గత జన్యువు ఒక ప్రతి మాత్రమే ఉన్న మామూలు రంగు పాముతో జతకట్టిస్తే పిల్లల్లో సగటున సగం ఒక రంగు, సగం మరో రంగు. తల్లి ఒకటే, గుడ్లు పొదిగిన వేడి ఒకటే. ఆ తోబుట్టువులను ఒకే తీరు పెట్టెల్లో పెంచి, తొలి ఎరను ఏది ఎన్నాళ్లకు పట్టిందో, చేయి చూపితే ఏది ఎన్నిసార్లు కాటుకు దూకిందో, వాటి రంగు తెలియని వ్యక్తి చేత లెక్క కట్టించాలి.