అహంకారమునకు చెల్లించు వెల

కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధికి చైత్ర పూర్ణిమనాడు దీక్షాపరులు వేలకొలదిగా కొండనెక్కి వత్తురు. స్వామికార్యమే తన కార్యముగా నెంచిన దాసుడు అచ్చటి దేవుడు. అచ్చటినుండి ఉత్తరముగా పోయి గోదావరి యొడ్డును చేరినచో ధర్మపురిలో నరసింహస్వామి వెలసియున్నాడు. ఆయన చేత హతుడైన హిరణ్యకశిపుడు దేవుని స్థానమున తానే కూర్చుండగోరినవాడు. కనుక దైవధిక్కారమును గూర్చి ఈ సీమ శ్రోతలకు క్రొత్తగా చెప్పవలసినది లేదు. ఇచ్చటి క్రైస్తవ కుటుంబములు అదే విషయమును ఏ కథల ద్వారా నేర్చుకొనుచున్నవో, ఆ బోధవలన ఎట్టి చిక్కులు కలిగినవో మాత్రము మేము వివరింపదలచితిమి.

క్రైస్తవాచార్యులలో అగస్టీను (క్రీ.శ. 354–430) పాపములన్నిటికిని అహంకారమే మొదలని నిర్ణయించెను. ఆయన దృష్టిలో అది కేవలము డాంబికము కాదు. తనకు ఆధారమైన దేవుని విడిచి, తానే తనకు ఆధారమని తలచుట. ఏదెను తోటలోని పండు కథకు ఆయన చెప్పిన అర్థమిదియే.

ఈ విషయమున బైబిలులో మిక్కిలి సూక్ష్మమైన కథ సౌలు రాజుది. ఇశ్రాయేలునకు తొలి రాజైన ఈతడు మొదట అణకువగలవాడు. తన్ను రాజుగా ఎన్నుకొనినపుడు సామానుల చాటున దాగినాడు! తరువాత అమాలేకీయులపై యుద్ధమునకు పోవునపుడు, కొల్లసొమ్మును దేనిని మిగుల్పరాదని సమూయేలు ప్రవక్త దైవాజ్ఞ తెలిపెను. ఆ ఆజ్ఞ మనుష్యులను సైతము విడువనిది. నేటి పాఠకుని మనస్సును అది కలచివేయును, ఆ చర్చ వేరు. సౌలు మంచి గొఱ్ఱెలను, ఎద్దులను ఉంచుకొనెను, తన పేర ఒక జయస్తంభమును నిలుపుకొనెను. ప్రవక్త ప్రశ్నింపగా, ఆ పశువులు దేవునికి బలి యిచ్చుటకే యని బదులుచెప్పెను. తిరుగుబాటు పూజవేషము ధరించుట యిచ్చట గమనింపదగినది. చివరకు తప్పు ఒప్పుకొనియు, పెద్దల యెదుట తన గౌరవమును మాత్రము కాపాడుమని వేడుకొనెను. అతడు చెల్లించిన వెల రాజ్యమొక్కటియే కాదు. దావీదుపై అసూయ పెరిగెను, మనశ్శాంతి పోయెను, తుదకు గిల్బోవ కొండపై తన కత్తిమీద తానే పడి మరణించెను.

ఉజ్జియా రాజు కథ దీనికంటె చిన్నది. బావులు త్రవ్వించి, వ్యవసాయమును ప్రేమించి, 52 ఏండ్లు ఏలిన సమర్థుడతడు. బలము పెరిగినకొలది గర్వించి, యాజకులు చేయవలసిన ధూపార్చనకు తానే ఆలయములో ప్రవేశించెను. అతని నొసట కుష్ఠు పుట్టినదని గ్రంథము చెప్పును. ఈ కథను మోటుగా చదివి, రోగియైన ప్రతివానిని పాపి యనువారు కలరు. పుట్టుగ్రుడ్డివాని విషయమున యేసు ఆ తర్కమునే త్రోసిపుచ్చెను. మన పొరుగున నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో డాక్టరు ఇసబెల్ కెర్ కుష్ఠు చికిత్సాలయమును స్థాపించినది, రోగులను నిందించుటకు కాదు గదా.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న యొకటి కలదు. ఈ ప్రాంతమున క్రీస్తుమతమును స్వీకరించిన వారిలో పెక్కుమంది మాల, మాదిగ కుటుంబములవారు. దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నడచినవారు, కూలి లేని వెట్టి చేసినవారు. అట్టివారికి తల వంచుమని బోధించుట ఏమి న్యాయము? 1978లో జగిత్యాలలో రైతుకూలీలు వేలుగా కదలి జైత్రయాత్ర చేసినపుడు, దానిని పొగరు అనినవారు లేకపోలేదు. మా అభిప్రాయమున అది పొరపాటు. అగస్టీను చెప్పిన అర్థము ప్రకారము అహంకారి దొరయే. సాటి మనుష్యునిపై దైవమువలె కూర్చున్నవాడతడు. కూలివాడు తలయెత్తుట మనుష్యుని స్థానమునకు వచ్చుట మాత్రమే.

ఈ తారతమ్యమును తెలుగు గడ్డపై బాగుగా నెఱిగినవాడు దోర్నకలు బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1910లో ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో, మిషనరీల త్యాగమును మెచ్చుకొనుచునే, మాకు స్నేహితులను కూడ పంపుడని ఆయన కోరెను. దొరతనము చూపు దయ స్నేహము కాదని దాని భావము. సభలో కొందరికి అది ధిక్కారముగా తోచినది. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడయ్యెను.

సంఘములకును అహంకారముండును. కరీంనగరు, మెదకు సీమలలో వెస్లియన్ మెథడిస్టులు, దోర్నకలులో ఆంగ్లికనులు. ఒకే తెలుగు పల్లెజనమునకు ఇంగ్లండు తగవులు పంచిపెట్టబడినవి. 1919లో తరంగంబాడిలో అజరయ్య తదితరులు ఐక్యతకై పిలుపునిచ్చిరి. ఎవరి గురుపట్టము చెల్లును, ఎవరిది చెల్లదు అను వాదములతో 28 ఏండ్లు గడచెను. అందు మనస్సాక్షితో పట్టుబట్టినవారును కలరు. అంతయు పంతమే యనుట అన్యాయము. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడునప్పటికి అజరయ్య లేడు; 1945 జనవరి 1న కన్నుమూసెను. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను సంఘములలో కొన్ని అప్పుడును చేరక విడిగానే నిలిచినవి.